‘మీసాల తల్లి’ గిజుభాయి బధేకా

పంచాయతీ సభ్యులు తమ గ్రామములోని పాఠశాలను చూడబోయినపుడు సాధారణముగా ఏమి విచారింతురు? కప్పు కారుచున్నదా, మంచినీరు కలదా, ఉపాధ్యాయులు వేళకు వచ్చుచున్నారా, మధ్యాహ్న భోజనము శుచిగా వండుచున్నారా అని విచారింతురు. ఇవన్నియు విచారింపదగినవే. కాని ఈ బడిలో పిల్లలకు కథలు చెప్పువారెవరు, కథల పుస్తకములు వారి చేతికి అందుచున్నవా అని అడిగిన వారిని ఈ వ్యాసకర్త తన పర్యటనలలో ఒక్కరినే చూచెను. ఆమె ఒక మెట్ట గ్రామమున వార్డు సభ్యురాలు. ఆ ప్రశ్న విని తక్కిన సభ్యులు నవ్విరి. కథలు ముసలమ్మలు చెప్పుకొనునవి, బడి యున్నది చదువుకొనుటకు కదా అని వారి భావము.

ఆ నవ్వు కొత్తది కాదు. దానికి జవాబుగా తన జీవితమునే ధారపోసిన మహనీయుడొకరు గుజరాతు దేశమున ఉండిరి. ఆయన పేరు గిజుభాయి బధేకా. వృత్తిచే న్యాయవాది. నిండు మీసములు గల ఆ పెద్దమనిషిని గుజరాతీ ప్రజలు ‘మూఛాళీ మా’, అనగా ‘మీసాల తల్లి’ అని పిలుచుకొనిరి. పిల్లల రచయితకు ఇంతకంటె గొప్ప బిరుదము ఏ ప్రభుత్వము ఈయగలదు?

గిజుభాయి అసలు పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. 1885 నవంబరు 15వ తేదీన సౌరాష్ట్రములోని చితల్ గ్రామమున జన్మించిరి. భావనగరములో కళాశాలలో చదివిరి. 1907లో జీవనోపాధికై సముద్రము దాటి తూర్పు ఆఫ్రికాకు వెళ్లి, రెండేండ్ల తరువాత తిరిగివచ్చిరి. పిదప బొంబాయిలో న్యాయశాస్త్రము చదివి వఢవాణ పట్టణమున వకీలుగా స్థిరపడిరి. ఇంతవరకు ఆయన కథ ఆ కాలపు ఏ విద్యావంతుని కథ వంటిదే. ఇందు చెప్పుకొనదగిన విశేషము లేదు.

1913లో ఆయనకు కుమారుడు కలిగెను. ఆ పసివాని రాకతో వకీలుగారికి ఒక చింత పట్టుకొనెను. ఈ బిడ్డను ఏ బడికి పంపవలెను? ఆ రోజులలో బడి యనగా బెత్తము. మన ప్రాంతపు వీధిబడులను ఎరిగిన పెద్దలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కోదండము వేయుట, గోడకుర్చీ వేయించుట, గుంజిళ్ళు తీయించుట అను శిక్షల పేర్లు నేటికిని మన పల్లెలలో మరుపునకు రాలేదు. గుజరాతు బడులలోను శిక్షలకు కొరత లేదు. తన బిడ్డను అట్టి చోటికి పంప మనసొప్పక, ఆయన పిల్లల చదువును గూర్చిన పుస్తకములు వెదకి చదువసాగిరి. ఆ చదువులో ఆయనకు ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరీ భావములు తారసిల్లినవి. 1907లో ఆమె రోము నగరములో పేదల పిల్లలకై ఒక శిశుగృహమును తెరచి, పిల్లవాడు తనంతట తాను చేతులతో పనిచేయుచు నేర్చుకొనగలడని, అతనిని దండింప పనిలేదని చూపి యుండిరి.

భావనగరములో నానాభాయి భట్టు 1910లో స్థాపించిన దక్షిణామూర్తి అను విద్యాసంస్థ కలదు. గిజుభాయి 1916లో న్యాయవాద వృత్తిని విడిచి ఆ సంస్థలో చేరిరి. మొదట ఉన్నత పాఠశాలలోని పెద్ద పిల్లలతో పనిచేసిరి. కొలది కాలములోనే ఆయనకొక సత్యము బోధపడెను. పదునాలుగేండ్ల వయసునకు పిల్లవాని స్వభావము చాలవరకు గట్టిపడిపోవును. భయమును, బట్టీపట్టు అలవాటును అప్పుడు పోగొట్టుట కష్టము. కావున పునాది దగ్గరనే పని మొదలు పెట్టవలెనని తలచి, 1920లో ఆరేండ్లలోపు శిశువులకై ‘బాలమందిరము’ను ప్రారంభించిరి. వకీలుగా గౌరవము, సంపాదన గల మనిషి పసివాండ్రతో నేలమీద కూర్చుండుట ఆ కాలమున ఎంత వింతయో చదువరులు ఊహించుకొనవచ్చును.

మాంటిస్సోరీ పద్ధతిని ఆయన ఉన్నదున్నట్లు దిగుమతి చేసికొనలేదు. పిల్లవానికి స్వేచ్ఛ ఈయవలెను, చేతిపని ద్వారా నేర్పవలెను, కొట్టరాదు అను సూత్రములను ఆయన పూర్తిగా స్వీకరించిరి. కాని కథల విషయమున ఇద్దరికిని భేదము వచ్చెను. చిన్న వయసులో కల్పిత కథల యందు మాంటిస్సోరీకి అంతగా నమ్మిక లేదు. గిజుభాయి అట్లు కాదు. మన దేశపు పిల్లవాడు అమ్మమ్మ ఒడిలో కథలు వినుచు పెరిగినవాడు. ఆ కథను గుమ్మము బయట విడిచి రమ్మనుట, పిల్లవానిలో సగమును బయట విడిచి రమ్మనుటయే గదా! అందుచే బాలమందిరములో కథ, పాట, ఆట, నాటకము పనిముట్లతో సమానమైన స్థానమును పొందినవి. ఆయన చేసిన మార్పులలో ఇదియే ముఖ్యమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

చెప్పుటకు కథలు కావలెను. అచ్చులో పిల్లలకు తగినవి అంతగా లేవు. అందుచే ఆయన పల్లెల్లో జనుల నోట నున్న కథలను సేకరించి, పిల్లలకు చెప్పి, వారు ఎచ్చట నవ్విరో ఎచ్చట విసిగిరో చూచి, దానికి తగినట్లు దిద్ది వ్రాసిరి. భాష ఇంటిలో మాటలాడుకొను గుజరాతీ. (ఈ వ్యాసము వ్రాయుచున్న బాణిలో కథ చెప్పినచో ఏ పిల్లవాడును రెండవ వాక్యము వరకు నిలువడని ఒప్పుకొనవలసి యున్నది.)

ఆ కథలలో దలా తర్వాడీ కథ గుజరాతులో ఎరుగని వారుండరు. తర్వాడీ అను బ్రాహ్మణుని భార్యకు వంకాయ కూర మీద మనసు పోయెను. కొనుటకు డబ్బు లేదు. ఏటి ఒడ్డున ఒకాసామి తోట కలదు. తర్వాడీ అచ్చటికి పోయి, చుట్టుపట్ల ఎవరును లేకుండుట చూచి, దొంగతనము చేసితిననిపించుకొనక తోటనే అనుమతి అడిగెను. రెండు నాలుగు కాయలు కోసికొందునా అని తాను అడుగుటయు, ఏల, పది పన్నెండు కోసికొమ్మని తోట తరఫున తానే బదులు చెప్పుటయు! ఇట్లు దినదినము జరుగుచుండ, కాయలు తరుగుట చూచి తోటవాడు పొంచియుండి పట్టుకొనెను. తోటను అడిగియే కోసితినని తర్వాడీ వాదించెను. తోటవాడు తక్కువ తిన్నవాడు కాడు. వాని నడుమునకు త్రాడు కట్టి బావిలోనికి దింపి, వీనిని రెండు నాలుగు మునుకలు వేయింతునా అని బావిని అడిగి, పది పన్నెండు వేయింపుమని బావి తరఫున తానే బదులు చెప్పెను.

ఈ కథ విని పిల్లలు పొట్ట చెక్కలగునట్లు నవ్వుదురు. ఊరి చెరువు గట్టును, బంజరును, మందబయలును ఇదే తీరున అడిగి, ఇదే తీరున అనుమతి పొందిన తర్వాడీలు మన గ్రామములలోను లేకపోలేదు గనుక పంచాయతీ సభ్యులకును ఇది వినదగిన కథయే.

మరియొక కథలో ఒక కాకి రాజుగారి ఆగ్రహమునకు గురియగును. బురదలో పడవేయించినను, బావిలో త్రోయించినను, ఎన్ని శిక్షలు విధించినను ఆ కాకి ప్రతి శిక్షలోను ఏదో ఒక సుఖమును కనిపెట్టి పాడుచునే యుండును. తుదకు రాజే విసిగిపోవును. దెబ్బలకు జడియు పిల్లవాడు ఈ కథ విన్నపుడు వాని మనసులో ఏమి జరుగునో ఆలోచింపుడు. కథకుడు చివర నీతివాక్యము ఏదియు చేర్చలేదు. కథకు మొదటి ప్రయోజనము ఆనందమేయని ఆయన మతము. మాటలు మరల మరల తిరిగివచ్చు గొలుసుకట్టు కథలనిన పసివారికి ప్రాణమని ఆయన గ్రహించిరి. మన ఏడు చేపల కథ ఆ జాతిలోనిదే. చేపా చేపా ఎందుకు ఎండలేదని తల్లి మొదలు పెట్టగా, చీమ వరకు బిడ్డయే చెప్పుకొని పోవును. మాటకు మాట కలుపుట, వరుస తప్పకుండుట, కారణమును వెదకుట ఇవన్నియు పలక పట్టకముందే ఆ బిడ్డ నేర్చుకొనుచున్నాడు. ఏ వయసువారికి ఏ కథ తగును, ఎట్లు చెప్పవలెను అను విషయములపై గిజుభాయి ‘వార్తాను శాస్త్ర’ అను ప్రత్యేక గ్రంథమునే రచించిరి. గుజరాతీలో ‘వార్త’ యనగా కథ.

ఇదంతయు విశేషమైన బాలమందిరములో సాధ్యమే, మామూలు సర్కారు బడిలో ఎట్లు సాధ్యమని అడుగువారు అప్పుడును ఉండిరి. వారికి జవాబు ‘దివాస్వప్న’ అను పుస్తకము. 1930ల ఆరంభమున వెలువడిన ఈ చిన్న పుస్తకము కథారూపమున నున్నది. తెలుగులోనికి ‘పగటి కల’ అను పేర వచ్చినది. ఒక యువకుడు విద్యాశాఖ పెద్ద అధికారి వద్దకు పోయి, ప్రాథమిక పాఠశాలలో నాలుగవ తరగతిని ఒక సంవత్సరము తనకు అప్పగింపుమని కోరును. అధికారి అంగీకరించి, అయితే ఏడాది చివర పరీక్ష మాత్రము తప్పదని హెచ్చరించును.

మొదటిదినము ఆ యువకుని పథకములన్నియు తలక్రిందులగును. నిశ్శబ్దముగా కూర్చుండు ఆట ఆడింపబోగా పిల్లలు కేకలు వేసి గోల చేయుదురు. చేయునది లేక వారిని ఇంటికి పంపివేయును. ఈ ఓటమిని దాచక ముందుగా చెప్పుట వలననే ఆ పుస్తకము మీద నమ్మకము కలుగుచున్నది. మరునాడు అతడు కథ ప్రారంభించును. తరగతి యంతయు నిశ్శబ్దము! కథను సగములో ఆపి మరునాటికి మిగుల్చును. కథ వినవలెనన్న సరిగా కూర్చుండవలెను, హాజరు వేయునపుడు అల్లరి చేయరాదు. బెత్తము చేయలేని పనిని కథ చేసినది. ప్రధానోపాధ్యాయుడు మాత్రము, కథలతో కాలము గడచుచున్నది గాని పాఠమేదీయని ఆక్షేపించును. తోటి ఉపాధ్యాయులు ఎగతాళి చేయుదురు. పిల్లలను ఆటలకు తీసికొని పోవుటయు వారికి నచ్చదు.

ఆ పుస్తకములో పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలసిన ఘట్టమొకటి కలదు. తరగతిలో పిల్లలందరును ఒకే పాఠ్యపుస్తకమును కొనుటకు బదులు, ఆ డబ్బును ఒకచోట చేర్చి, వేరువేరు పుస్తకములు తెప్పించి, తరగతికి ఒక గ్రంథాలయమును ఏర్పరచుకొందురు. ఒకరు చదివినది మరియొకరు చదువుదురు. కథ విని విని రుచి మరిగిన పిల్లవాడు దానిని తానే చదువుకొనవలెనని ఉబలాటపడును. అప్పుడు చదువు నేర్పుట బరువు కాదు. గోళ్ళు, తలవెండ్రుకలు, బట్టల శుభ్రత మీద కూడ ఆ ఉపాధ్యాయుడు ఎంతో శ్రద్ధ చూపును. ఏడాది చివర పరీక్షలో పిల్లలు వెనుకబడలేదు.

ఒక్క మనిషి చేసిన పని ఆ మనిషితోనే పోరాదని గిజుభాయి 1925లో శిశువిద్యా ఉపాధ్యాయులకు శిక్షణాలయమును నెలకొల్పిరి. 1926లో ‘నూతన బాలశిక్షణ సంఘము’ ఏర్పడెను. ఒక పత్రికయు వెలువడెను. పిల్లలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఆయన వ్రాసిన చిన్నవి పెద్దవి పుస్తకములు రెండు వందలకు మించియున్నవి. తల్లిదండ్రులగుట కష్టమని చెప్పునట్టి పుస్తకము కూడ వానిలో నొకటి. 1929లో గుజరాతీ సాహిత్యమున ఘనమైన రంజిత్‌రామ్ సువర్ణపతకము ఆయనకు లభించెను. పిల్లల కథలు వ్రాసిన వానికి పెద్దల సాహిత్య పతకము దక్కుట విశేషమే. 1936లో దక్షిణామూర్తి సంస్థను విడిచిరి. 1939 జూన్ 23వ తేదీన బొంబాయిలో పరమపదించిరి. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరములు మాత్రమే.

గిజుభాయి పని పట్టణమున సాగినది. దానిని పల్లెకు తెచ్చినవారు ఆయన సహచరులు తారాబాయి మోడక్. ఆమె 1923లో రాజకోటలోని మహిళా శిక్షణ కళాశాల పదవిని విడిచి భావనగరమునకు వచ్చి ఆయనతో కలిసి పనిచేసిరి. 1945లో బొంబాయికి ఉత్తరముననున్న సముద్రతీర గ్రామము బోర్డీలో గ్రామ బాలశిక్షా కేంద్రమును స్థాపించిరి. అచ్చట అనుతాయి వాఘ్ ఆమెకు తోడైరి. పేద ఇండ్ల పిల్లలు కేంద్రమునకు రాకుండుట చూచి, పిల్లలు రానిచో మనమే పోవుదమని వారి వాడలకు వెళ్లి, ఇంటి ముంగిట, చెట్టు నీడన పిల్లలను చేర్చి ఆడించి పాడించిరి. అంగణమనగా ముంగిలి. ముంగిట జరుగు బడి గనుక అది అంగన్‌వాడి యాయెను. మట్టి, గవ్వలు, గింజలు, ఆకులు, పుల్లలు వారి బోధనా పరికరములు. ఖరీదైన సామగ్రి లేనిదే శిశువిద్య లేదనువారికి ఇది సమాధానము. తరువాత ఆ కేంద్రము వార్లీ గిరిజనులు నివసించు కోస్‌బాడ్ కొండకు మారెను. 1962లో భారత ప్రభుత్వము తారాబాయిని పద్మభూషణ బిరుదముతో గౌరవించెను.

1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమైనపుడు దాని కేంద్రములకు అంగన్‌వాడి యను పేరే వచ్చెను. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో ఈ కేంద్రములు లేని గ్రామము అరుదు. గ్రుడ్డు, పాలు, బరువు తూచుట, టీకాలు, ఇవి అచ్చట జరుగుచున్న మేలైన పనులు. వీనితోపాటు కథ, పాట, ఆట కూడ ఆ కేంద్రపు విధులలోనివే. అంగన్‌వాడిని అన్నము పెట్టు చోటుగా మాత్రమే చూచుట మన గ్రామములలో సాధారణమైనది. కార్యకర్త నోట్లో మాట రిజిస్టర్ల లెక్కలకే చాలక, కథకు మిగులుట లేదు. ఇది ఆమె దోషమనుట న్యాయము కాదు.

ఇందు పంచాయతీకి గల అధికారమేమి? రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. రాష్ట్రములు పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు దాని మూలముగా చేరిన పదునొకండవ షెడ్యూలులో కలవు. ప్రాథమిక విద్య, గ్రంథాలయములు, స్త్రీ శిశు అభివృద్ధి వానిలోనివి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న విద్యాహక్కు చట్టము రెండు సంగతులు స్పష్టముగా చెప్పుచున్నది. పిల్లలను కొట్టుట, మనసు నొచ్చునట్లు హింసించుట నిషేధము. ప్రతి పాఠశాలకు గ్రంథాలయముండవలెను, అందు కథల పుస్తకములు కూడ ఉండవలెను. గిజుభాయి బ్రతికియున్న కాలమున ఈ రెండును పగటి కలలే. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును మన గ్రామస్థులు ఎప్పటినుండియో చెల్లించుచున్నారు కూడ. కావున కథల పుస్తకము అడుగుట దానము అడుగుట కాదు.

మొదట చెప్పిన మెట్ట గ్రామపు సంగతికి వత్తము. ఆ బడిలో కథల పుస్తకములు లేకపోలేదు. ఒక ఇనుప బీరువా నిండ నుండెను. దానికి తాళము. పిల్లల చేతికిచ్చిన చిరుగును, పోవును, తనిఖీలో జవాబు చెప్పవలసి వచ్చునని ప్రధానోపాధ్యాయుని భయము. ఆ భయము అకారణమని ఆయనను తప్పుపట్టలేము. లెక్క అడుగువారే గాని, ఎందరు చదివిరని అడుగువారు ఆయనకు తారసపడి యుండలేదు.

“మేష్టారూ, తాళం తీయండి. పోతే పంచాయతీ పూచీ,” అనెను ఆ సభ్యురాలు.

“పూచీ అని కాగితం మీద వ్రాసి ఇస్తారా అమ్మా?” అని ఆయన అడిగెను.

ఆమె సర్పంచి వైపు చూచెను. సర్పంచి కొంచెము తటపటాయించి, సరే వ్రాసి ఇత్తమనెను. శనివారము మధ్యాహ్నము ఒక గంట కథలకు కేటాయించిరి. అంగన్‌వాడి పిల్లలను గూడ ఆ గంటకు బడి అరుగు మీదికి తీసికొని రావలెనని నిశ్చయించిరి. కథ చెప్పుటకు ఎవరు వత్తురా అని ఆలోచింపగా, ఏడు చేపల కథ మొదలు ఊరి చెరువులోని దయ్యము కథ వరకు వందల కథలు వచ్చిన ఒక వృద్ధురాలు ఆ వాడలోనే కలదని తెలిసెను. ఆమెకు చదువు రాదు. తొలి శనివారము ఆమె సిగ్గుపడి తలుపుచాటున నిలిచెననియు, మూడవ శనివారమునకు ఆమెను అరుగు మీదినుండి లేపుట కష్టమయ్యెననియు తరువాత వినవచ్చెను.

కొన్ని నెలలకు ఈ వ్యాసకర్త మరల ఆ గ్రామమునకు వెళ్లుట తటస్థించెను. బీరువా తెరచియే యున్నది. ఆరు పుస్తకములు చిరిగినవి, రెండు కనబడుట లేదు. ప్రధానోపాధ్యాయుడు ఆ లెక్కను ఒక కాగితముపై వ్రాసి, పూచీ కాగితముతో జతచేసి పంచాయతీకి పంపెను. ఆ నెల సమావేశమున ఆ ఎనిమిది పుస్తకముల సంగతి చర్చకు వచ్చెను. చిరిగినవానికి అట్టలు కుట్టించుటకు పట్టణమునుండి బైండరును పిలిపింపవలెనని తీర్మానించి, పోయిన రెంటిని లెక్కలోనుండి కొట్టివేసిరి.